పట్టాల కంటే ముందు పద్దు

విశాఖకు, విజయవాడకు మెట్రో అన్నది రాష్ట్ర విభజన నాటి మాట. సాధ్యాసాధ్యాలను ఏడాదిలోగా పరిశీలించాలని 2014 పునర్విభజన చట్టం 13వ షెడ్యూలులోనే రాసుకున్నారు. పదేళ్లు దాటాక ఇప్పుడు విశాఖలో 46.23 కిలోమీటర్లు, విజయవాడలో 38.4 కిలోమీటర్ల తొలి దశ ప్రణాళికలు చేతిలో ఉన్నాయి. రెండింటి అంచనా వ్యయం కలిపి 22 వేల కోట్ల రూపాయల పైమాటే. ఇన్నాళ్లూ మెట్రో ఎప్పుడొస్తుందనే అడిగారు తప్ప, వచ్చాక దాన్ని ఎవరు పోషిస్తారని అడిగినవారు తక్కువ.

హైదరాబాదు అనుభవం కళ్లెదుటే ఉంది. కోటి జనాభా, ఐటీ కొలువులు, 69 కిలోమీటర్ల మార్గం, రోజుకు నాలుగు లక్షలకు పైగా ప్రయాణికులు. ఇన్ని ఉన్నా నష్టాలు మోయలేమని అక్కడి మెట్రోను నడిపిన ఎల్‌ అండ్‌ టీ చేతులెత్తేసింది. సుమారు 13 వేల కోట్ల అప్పును తలకెత్తుకుని, వాటా కింద మరో రెండు వేల కోట్లు చెల్లించడానికి 2025 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం అంగీకరించాల్సి వచ్చింది. మహిళలకు ఉచిత బస్సు వచ్చాక తమకు ప్రయాణికులు తగ్గారని కూడా ఆ సంస్థ చెప్పుకుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోనూ స్త్రీశక్తి పేరుతో ఆ ఉచిత ప్రయాణం అమల్లో ఉంది. టికెట్ లేని సిటీ బస్సు కింద నడుస్తుంటే, మెట్ల పైనున్న రైలుకు డబ్బిచ్చి ఎక్కేవారు ఎందరో పాత అంచనాలు చెప్పలేవు.

గాజువాక లోపలి కాలనీ నుంచి మద్దిలపాలెంలో పనికి వెళ్లే మనిషి లెక్క చూడండి. ఇంటి నుంచి జంక్షన్ దాకా షేర్ ఆటో, అక్కడ మెట్లెక్కి రైలు, దిగాక మళ్లీ ఆటో. మూడు చోట్ల చిల్లర, మూడు చోట్ల నిరీక్షణ. బండి తీస్తే గుమ్మం నుంచి గుమ్మానికి పోవచ్చు. ప్రయాణికుల అంచనాలు తప్పేది ఈ మొదటి కిలోమీటరులో, చివరి కిలోమీటరులోనే. ఢిల్లీ, ముంబయి తప్ప చాలా మెట్రోల్లో ఆశించినంత జనం ఎక్కడం లేదని పార్లమెంటు స్థాయీ సంఘం 2022లోనే ఎత్తిచూపింది. కొచ్చిలో మూడు లక్షలకు పైగా అనుకుంటే, ఏళ్లు గడిచినా లక్ష దగ్గరే ఊగిసలాట.

నిజానికి విశాఖకు కొంత న్యాయముంది. కొండలకూ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఊరు జాతీయ రహదారి వెంబడే బారుగా పెరిగింది. స్టీల్‌ప్లాంటు నుంచి కొమ్మాది దాకా రద్దీ అంతా ఒకే దారిన పడుతుంది. విజయవాడకు ఆ వాదన అంతగా అతకదు. పైగా విజయవాడ, గుంటూరు, తెనాలి మధ్య పట్టాలు ఇప్పటికే ఉన్నాయి. ఆ ముక్కోణంలో లోకల్ రైళ్లు పెంచితే, అదనపు లైన్లు వేయాల్సి వచ్చినా, మెట్రో ఖర్చు ముందు అది చిల్లరే. కాకపోతే శంకుస్థాపన ఫొటోకు అది అంతగా పనికిరాదు.

కేంద్రం తలుపు కూడా పూర్తిగా తెరిచిలేదు. 2017 మెట్రో విధానంలోని 20 లక్షల జనాభా నిబంధన చూపి కోయంబత్తూరు, మదురై ప్రతిపాదనలను 2025 నవంబరులో తిప్పి పంపింది. 2011 లెక్కల్లో విశాఖ, విజయవాడలు రెండూ ఆ గీతకు దిగువనే ఉన్నాయి. రేపు రాజకీయ సాన్నిహిత్యంతో అనుమతి తెచ్చుకున్నా, దానివల్ల ప్రయాణికులు పెరగరు. కేంద్రం తన వాటా ఇచ్చి పక్కకు తప్పుకుంటుంది. విదేశీ రుణాల వాయిదాలు, ఏటేటా నిర్వహణ లోటు రాష్ట్ర ఖజానా మీదే పడతాయి.

ఈ రెండు నగరాల్లోనే గతంలో కేంద్ర పథకమైన జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం నిధులతో, బస్సులు వేగంగా పోయేందుకని బీఆర్‌టీఎస్ రోడ్లు వేశారు. బస్సులకని విడదీసిన వరసలు మామూలు రోడ్డులో కలిసిపోయాయి. కోట్లు పోసినా, అనుకున్నన్ని బస్సులు మాత్రం రాలేదు. ఆ రోడ్లకు తగినన్ని బస్సులు కొని, స్టేషన్లు రాబోయే చోట్లకు ఇప్పటి నుంచే ఫీడర్ సర్వీసులు నడిపితే ఎంతమంది కదులుతారో కాగితం మీద కాక రోడ్డు మీదే తేలుతుంది. టెండర్లు ఖరారు కాకముందే ప్రయాణికుల అంచనాను, ఉచిత బస్సు ప్రభావాన్ని కలిపి, స్వతంత్ర నిపుణులతో తిరిగి లెక్క కట్టించాలి. తొలి పదేళ్ల లోటు ఏ పద్దు నుంచి పూడుస్తారో ప్రభుత్వం శాసనసభ ముందు ఉంచాలి.