శ్వాసచికిత్సయు బాలుర యాటలును

మందు తీయగా నున్నంతమాత్రమున దాని గుణము తగ్గునా? తగ్గదని యందఱు నెఱుగుదురు. అయినను రోగియగు బాలునిచేత నాట యాడించుచు చికిత్స జరుపుదమన్నచో, ఆట వేఱు, చికిత్స వేఱు, కలిపిన రెండును చెడునని పలుకువారు మన పెద్దలలో ననేకులు గలరు. ఈ యభిప్రాయము సరికాదని నా తలంపు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అను వ్యాధి నుదాహరణముగా గొని నా కారణములను చదువరులకు విన్నవించెదను.

ఇది తల్లిదండ్రులవలన సంక్రమించు వ్యాధి. లోపముగల జన్యువు తల్లియందొకటియు దండ్రియందొకటియు దాగియున్నయెడల వారికి రోగమేమియు నుండదు. కాని వారికి గలుగు ప్రతి శిశువునకును వ్యాధి వచ్చుటకు నాల్గింట నొకవంతు అవకాశము గలదు. 1938వ సంవత్సరమున న్యూయార్కు నగరమందు డొరొతీ ఆండర్సన్ అను వైద్యురాలు దీనిని ప్రత్యేకవ్యాధిగా వర్ణించెను. ఆ దినములలో నీ రోగముతో బుట్టిన శిశువులు పెక్కుమంది పసితనముననే గతించెడివారు. రోగుల చెమటలో నుప్పు మిక్కుటముగా నుండునని 1953లో వెల్లడియైనది. నేటికిని చెమటను పరీక్షించి వ్యాధిని నిర్ణయించుచున్నారు. జన్యువు 1989లో తెలిసినది. ఆ జన్యులోపముచేత కణముల పొరలగుండ నుప్పు, నీరు సరిగా రాకపోకలు సాగింపవు. కావున ఊపిరితిత్తుల గొట్టములలోని శ్లేష్మము నీరు చాలక బంకవలె జిగటపడి యంటుకొనును. అందు సూక్ష్మజీవులు కాపురము పెట్టును. వాపు గలుగును. ఏండ్లు గడచినకొలది గొట్టములు శిథిలమగును.

ఆ శ్లేష్మమును ప్రతిదినము బయటికి దెచ్చుటయే శ్వాసచికిత్స. పూర్వము తల్లి బిడ్డను బోరగిల పరుండబెట్టి, అరచేతిని దొప్పవలె జేసి, వీపును ఱొమ్మును తట్టెడిది. ఇప్పటికిని చిన్న శిశువులకు తట్టుట గలదు. కొంచెము పెద్దవారైన పిల్లలు బిగువుగల యొక సాధనములోనికి ఊదుదురు. అట్లు ఊదునప్పుడు 10 మొదలు 20 సెంటీమీటర్ల నీటి యెత్తునకు సమానమైన ఒత్తిడి లోపల నిలిచి, సన్నని గొట్టములు మూసికొనకుండ చేయును. గాలి శ్లేష్మము వెనుకకు జేరి దానిని ముందునకు నెట్టును. పది పదునైదుసార్లు ఊదిన పిమ్మట, అద్దముపై నావిరి పట్టించునట్లు నోరు తెఱచి 'హా' యని గాలి విడువవలెను. తరువాత దగ్గి శ్లేష్మము నుమియవలెను. మరల మొదటినుండి. ఇట్లు పెక్కు వరుసలు. సాధారణముగా దినమునకు రెండు పూటలు. దీనికి పండుగ లేదు, ఆదివారము లేదు. జలుబు చేసిననాడు మరింత యెక్కువ.

ఐదేండ్ల బాలునకు దీని ఫలమేమి కనబడును? నేడు మానినచో నేడు కీడు తోపదు. నేడు చేసినచో నేడు మేలును తోపదు. ఎన్నో యేండ్లకు రాబోవు నష్టమును జూపి వానిని బెదరించుట వ్యర్థము. పాఠము నేర్వనిచో పరీక్ష తప్పుదువని చెప్పిననే మన విద్యార్థులు జూన్ మాసమున పుస్తకము ముట్టుట లేదు గదా! అందుచేత తల్లి పోలీసు జవానుగను, బిడ్డ తప్పించుకొను దొంగగను మాఱుదురు. ప్రతి ప్రొద్దును ఇంట నొక తగవు. ఆటయందు ప్రతి ఊపిరికిని తత్క్షణమే బదులు గలదు. ఊదెను, బొమ్మ కదలెను. అది లంచము కాదు. చికిత్సయందు కానరాని ఫలమునకు కన్నులిచ్చుట.

ఇందులకు గొప్ప యంత్రము లక్కఱలేదు. ఒక సీసాలో పది సెంటీమీటర్లకు మించి నీరు పోసి, కొంచెము సబ్బునురుగు ద్రవము గలిపి, అందొక గొట్టము నుంచి పిల్లవానిని ఊదుమందురు. నీటి లోతే ఒత్తిడి యగును. బుడగలు పైకెక్కి సీసా మూతినుండి పొంగి బల్లపై బడును. రంగు గలిపినచో సంతోషము రెట్టింపు. నేను దీనిని మిక్కిలి మెచ్చుకొందును. అయితే నిలువనీటిలో నీ రోగులకు మిక్కిలి హానిచేయు క్రిములు పెరుగును గావున ఏపూట కాపూట నీరు మార్చి, సీసాను గొట్టమును శుభ్రపఱుపవలెను. నీటి కొలతయు వైద్యులు చెప్పినదే కావలెను.

2016లో ఇంగ్లండున బి.బి.సి. వారి యొక టెలివిజన్ కార్యక్రమమందు, ఈ వ్యాధిగల కుమారులున్న తల్లి యొకతె వారి చికిత్సను సులభముచేయు నుపాయము గోరగా, మైక్రోసాఫ్టులో పనిచేయు హైయాన్ జాంగ్ యను నామె ఊపిరితో నాడదగిన యాటలను కల్పించెను. పిల్లలు వాడు సాధనమునకే యొక చిన్న పరికరము తగిలింతురు. అది ఊపిరి యొత్తిడిని కొలిచి కంప్యూటరునకు బంపగా, తెరపై నాట నడచును. తరువాత లండనులోని యూనివర్సిటీ కాలేజి వారును, 1852లో స్థాపితమైన గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ బాలుర వైద్యశాలవారును దీని పరిశోధనలో జేరిరి. 'ఫిజ్యో' యని దాని పేరు.

అన్ని యాటలును మంచివని నే ననను. గట్టిగా నొక్కసారి ఊదినవానికి గెలుపిచ్చు నాట చికిత్సను చెఱుచును; నిలుకడగా, దీర్ఘముగా ఊదినవానికే గెలుపు దక్కవలెను. మన చెడుగుడులో గుక్క విడువక కూతపట్టువాడు నెగ్గునట్లు. పది ఊపిరులైన పిమ్మట ఆట తానే యాగి, దగ్గుటకు వ్యవధి యియ్యవలెను. లేనిచో బాలుడు గెలుపు సందడిలో దగ్గుటయే మఱచును. మఱియు నాట పాతబడును. నెలదినములకే విసుగు పుట్టవచ్చును గావున నొక్క యాట చాలదు.

పరికరము ప్రతి ఊపిరిని లెక్కవ్రాయును. ఆ లెక్క వైద్యులకు మేలైనదే. కాని 'నిన్న సాయంకాల మేల ఊదలేదు?' అని నిలదీయుట కది సాధనమైనచో, పోయిన పోలీసు మరల వచ్చినట్లే. లెక్కను మొదట బాలునకే చూపుట న్యాయము.

ఇప్పుడు జన్యులోపమునే కొంత సవరించు మందులు వచ్చినవిగదా, ఈ ఊదుడేల యని కొంద ఱడుగవచ్చును. 2012లో నొకటియు, 2019లో మూడు మందుల కూర్పొకటియు అమెరికాలో ననుమతి పొందినవి. వానివలన ననేకుల బ్రతుకే మాఱినది. కాని యవి యన్ని విధముల జన్యులోపములకు పనిచేయవు. ఆ కూర్పు వెల అమెరికాలో సంవత్సరమునకు మూడులక్షల డాలర్లకు పైగా నిర్ణయించిరి. మనదేశమున నీ వ్యాధి గలదనియే చాలకాలము గుర్తింపబడలేదు. గుర్తించినను అంత వెల పెట్టగలవా రెందఱు? సబ్బునీటి సీసా మాత్ర మెవ్వరికైనను దొరకును.

ఇంకొక సంగతి గలదు. ఒకరి క్రిము లొకరికి సోకునను భయముచే నీ వ్యాధిగల పిల్లలను ఒకచోట జేర్పరు. ఆసుపత్రిలో సైతము దూరదూరముగా నుంతురు. తనవంటి బాలునితో గలిసి కూర్చుండుటకు వీలులేదు. వేర్వేఱు గృహములనుండియే యిద్దఱు బాలురు తమ ఊపిరులతో నొక్క పడవను నడపునట్టి యాటను కల్పించుట నేటి యంత్రములకు కష్టమైన పని కాదు. ఆటలు కల్పించువారు మొట్టమొదట దానిని చేయవలెనని నా కోరిక.