కాశీబుగ్గలో ఇల్లు కొంటే అసలు భారం దస్తావేజుదే

ఇంటి పన్ను పెరిగిందంటే ఊళ్లో గొడవ మొదలవుతుంది. రిజిస్ట్రేషన్ ఖర్చు పెరిగితే మాత్రం ఎవరూ రోడ్డెక్కరు. పన్ను నోటీసు ఒకే రోజు అందరి గుమ్మానికీ వస్తుంది. రిజిస్ట్రేషన్ ఖర్చు మాత్రం కొనేవాడొక్కడే, జీవితంలో ఒక్కసారి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట లెక్క కట్టుకుని కక్కుతాడు. పలాస-కాశీబుగ్గ మున్సిపాలిటీలో ఇల్లు సామాన్యుడికి అందుతోందా లేదా అని చూడాలంటే ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టాలి.

ముందు ఇంటి పన్ను. 2020 వరకు ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో ఇంటి పన్ను వార్షిక అద్దె విలువ మీద ఉండేది. ఆ ఏడాది నవంబరులో ప్రభుత్వం పద్ధతి మార్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ శాఖ కట్టే విలువే పన్నుకూ ఆధారం. నివాస గృహాలకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం లోపు, నివాసేతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం లోపు పన్ను వేయాలన్నారు. ఈ మార్పు మున్సిపాలిటీల బాగు కోసమే వచ్చిందనుకుంటే అమాయకత్వం. కొవిడ్ కాలంలో రాష్ట్రాలు అదనంగా అప్పు తెచ్చుకోవాలంటే పట్టణ స్థానిక సంస్థల సంస్కరణలు చేయాలని కేంద్రం షరతు పెట్టింది. ఆ షరతును ముందుగా నెరవేర్చిన రెండు రాష్ట్రాల్లో మధ్యప్రదేశ్‌తో పాటు మనదీ ఒకటి.

జనం గగ్గోలు పెట్టాక, పెంపు ఏడాదికి 15 శాతం దాటకూడదని పరిమితి పెట్టారు. 375 చదరపు అడుగుల లోపు ఇంట్లో సొంతదారే ఉంటే ఏడాదికి 50 రూపాయలు చాలన్నారు. 15 శాతమంటే చిన్నదే కదా అనిపిస్తుంది గానీ, వరుసగా ఐదేళ్లు పెరిగితే వెయ్యి రూపాయల పన్ను రెండు వేలు దాటుతుంది. అయినా మొత్తం మీద చూస్తే అది ఇల్లు కొనడాన్ని ఆపేంత భారం కాదు. ప్రభుత్వ విలువ ప్రకారం 20 లక్షల ఇంటికి 0.15 శాతం చొప్పున వేస్తే ఏడాదికి 3,000 రూపాయలు. ఏప్రిల్ 30 లోపు మొత్తం కట్టేస్తే 5 శాతం రాయితీ కూడా ఉంది. బకాయి పెట్టినవాడికి మాత్రం నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది.

అదే ఇల్లు కొనేటప్పుడు స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం ఒకటిన్నర శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, కలిపి ఏడున్నర శాతం. 20 లక్షలకు లక్షా యాభై వేలు. పై రేటున 50 ఏళ్ల ఇంటి పన్నును ఒక్క పూటలో కట్టించుకున్నట్టు. దీనికి బ్యాంకు సాధారణంగా అప్పివ్వదు, చేతిలో ఉండాలి. ఏళ్ల తరబడి చీటీలు కట్టి ముందు చెల్లింపు కోసం కూడబెట్టిన డబ్బు ఇక్కడే కరిగిపోతుంది. 2025 ఫిబ్రవరి 1 నుంచి ప్రభుత్వం మార్కెట్ విలువలు సవరించాక ఈ మొత్తం ఇంకా పెరిగింది.

దీన్ని తప్పించుకోవడానికి మన ఊళ్లన్నిటా ఒక అలవాటుంది. బేరం 30 లక్షలకు కుదిరితే దస్తావేజులో ప్రభుత్వ విలువ 18 లక్షలే రాయిస్తారు, మిగతాది చేతికి. కొన్నవాడు తొంభై వేలు మిగిలిందనుకుంటాడు. కానీ బ్యాంకు దస్తావేజు విలువ చూసి అప్పిస్తుంది. అందులో 80 శాతం ఇచ్చినా 14 లక్షల 40 వేలు. అసలు ధర రాసి ఉంటే 24 లక్షలు వచ్చేది. ఆ తేడాలో ఐదు లక్షలు బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినా ఏడాదికి లక్షా ఇరవై వేలు పోతాయి. మిగుల్చుకున్న తొంభై వేలు తొమ్మిది నెలల్లో మాయం. పైగా బయటి అప్పుకు వడ్డీ ధ్రువపత్రం ఎవడూ ఇవ్వడు కనుక ఆదాయపు పన్నులో చూపించలేం. రేపు అమ్మేటప్పుడు కొన్న ధర తక్కువగా కనిపించి లాభం మీద పన్ను ఎక్కువ పడుతుంది. ఎక్కువ స్టాంపు డ్యూటీ ప్రభుత్వానికి ఎగవేతనూ, కొనేవాడికి అధిక వడ్డీనీ తెచ్చిపెడుతోంది. లాభపడేది వడ్డీ వ్యాపారి.

ఇక రాయితీల సంగతి. పాత ఆదాయపు పన్ను పద్ధతిలో సొంతంగా ఉండే ఇంటి రుణంపై వడ్డీకి ఏడాదికి 2 లక్షల వరకు మినహాయింపు ఉంది. 2014 బడ్జెట్‌లో లక్షన్నర నుంచి ఈ స్థాయికి పెంచారు. అసలు వాయిదాలు, రిజిస్ట్రేషన్ ఖర్చులు 80సీ కింద లక్షన్నర పరిమితిలోకి వస్తాయి. వినడానికి బాగానే ఉంది. 20 లక్షల రుణం, ఎనిమిదిన్నర శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుంటే మొదటి ఏడాది వడ్డీ సుమారు లక్షా 68 వేలు. 30 శాతం శ్లాబులో ఉన్నవాడికి దాని వల్ల దాదాపు 52 వేలు మిగులుతాయి. 5 శాతం శ్లాబులో ఉన్నవాడికి రిబేటు వల్ల ఎలాగూ పన్ను పడదు, మిగిలేదీ సున్నా. పన్ను కట్టేంత ఆదాయమే లేనివాడికీ అంతే. ఒకే ఇల్లు, ఒకే అప్పు, ఒకే వడ్డీ. సాయం మాత్రం ఎవరికి తక్కువ అవసరమో వారికే ఎక్కువ.

పలాస జీడి పరిశ్రమల్లో గింజలు ఒలిచి, పప్పు గ్రేడింగ్ చేసే పనివాళ్లలో అత్యధికులు ఆడవాళ్లు. వారికి ఈ సెక్షన్లతో పని లేదు. ఈ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతపు కొబ్బరి రైతుకూ లేదు, అతని వ్యవసాయ ఆదాయానికి పన్నే లేదు గనుక మినహాయింపుకు అర్థం లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కూల్చిన చెట్ల స్థానంలో మళ్లీ నాటిన మొక్క కాపుకొచ్చేదాకా అతనికి వాయిదా కట్టే ఆధారమూ లేదు. మందస, వజ్రపుకొత్తూరు, కవిటి పల్లెల్లో ఇంకో చిక్కు ఉంది. గ్రామకంఠం ఇళ్లకు తాతల నాటి స్వాధీనమే తప్ప దస్తావేజు ఉండదు. చూపించడానికి పంచాయతీ ఇంటి పన్ను రశీదు ఒక్కటే. దాన్నే హక్కుగా భావించేవారు ఎందరో. రశీదు పన్ను కట్టావని చెబుతుంది, ఇల్లు నీదని చెప్పదు. బ్యాంకు మేనేజరు ముందు అది చెల్లదు. 2020లో మొదలైన స్వామిత్వ సర్వే యాజమాన్య పత్రాలిస్తామంది. అవి బ్యాంకు ఒప్పుకునే కాగితాలుగా మారిన ఊళ్లలోనే ఆ పథకానికి విలువ.

రాయితీ వర్తించే ఉపాధ్యాయుడు, రైల్వే ఉద్యోగికి కూడా ఇప్పుడది సందేహమే. 2023-24 నుంచి కొత్త పన్ను పద్ధతే డిఫాల్టు. అందులో సొంత ఇంటి రుణ వడ్డీకి మినహాయింపు లేదు, 80సీ లేదు. 2025-26 నుంచి 12 లక్షల 75 వేల వరకు జీతం ఉన్నవారికి అసలు పన్నే పడదు కాబట్టి చాలామందికి ఆ లోటు తెలియలేదు. అప్పు చేసినవాడికి ప్రత్యేక బహుమతి తీసేయడం నా దృష్టిలో తప్పు కాదు. విడ్డూరం వేరే ఉంది. పోర్షన్లు కట్టి అద్దెకిచ్చినవాడు కొత్త పద్ధతిలోనూ మున్సిపాలిటీకి కట్టిన పన్ను తీసేసుకుని, మిగిలిన అద్దెలో 30 శాతం తగ్గించుకుని, రుణ వడ్డీని ఆ అద్దె మేరకు చూపించుకోవచ్చు. అదే వీధిలో ఉన్న ఒక్క ఇంట్లో పిల్లలతో కాపురముండేవాడికి ఇంటి పన్ను మీదా తగ్గింపు లేదు, వడ్డీ మీదా లేదు. అమెరికాలో టెక్సాస్, న్యూజెర్సీల్లో ఇళ్లు కొన్న మనవాళ్లకు ఈ విషయంలో అనుభవం తలకిందులు. అక్కడ కొన్నాక ఏటా కట్టే ఆస్తి పన్నే పెద్ద బరువు. సొంత ఇంటి మీద కట్టిన ఆ పన్నును ఫెడరల్ లెక్కలో మినహాయించుకునే వీలుంది. 2018 నుంచి పది వేల డాలర్లుగా ఉన్న ఆ మినహాయింపు పరిమితిని 2025లో నలభై వేలకు పెంచారు. ఎక్కువ పన్ను కట్టేవాళ్లకు బడి, రోడ్డు, నీళ్లు కనిపిస్తాయి. మనం తక్కువ కట్టి, కాలువ ఎందుకు తీయరని అడుగుతున్నాం.

మున్సిపాలిటీ రాబడి గురించి ఒక మాట. జాతీయ రహదారి వెంట ఏళ్ల తరబడి పిచ్చిమొక్కలు పెరుగుతున్న ప్లాట్లకు ఖాళీ స్థలం పన్ను ఉంది. ఎక్కువమంది అది కట్టేది ఇంటి ప్లానుకు దరఖాస్తు పెట్టినప్పుడే, బకాయిలతో కలిపి. అంటే కట్టుకుందామని వచ్చినవాడి మెడకే అదీ చుట్టుకుంటుంది. ధర పెరగాలని కూర్చున్నవాడు నిశ్చింతగా ఉంటాడు. మూలపేట పోర్టు పనులతో టెక్కలి వైపు భూముల మీద ఆశలు పెరిగిన ఈ రోజుల్లో ఈ పన్నును ఏటా నిక్కచ్చిగా వసూలు చేస్తే కొన్ని స్థలాలైనా అమ్మకానికి వస్తాయి.

2024 జూలై బడ్జెట్‌లో కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ స్టాంపు డ్యూటీ తగ్గించాలనీ, మహిళలు కొనే ఆస్తులకు ఇంకా తగ్గించాలనీ రాష్ట్రాలను కోరారు. మహారాష్ట్ర 2021 నుంచే మహిళల పేరిట కొన్న ఇంటికి 1 శాతం తగ్గించింది. ఆంధ్రప్రదేశ్ కూడా మహిళ పేరిట కొనే మొదటి ఇంటికి, ఒక ధర పరిమితి పెట్టి, స్టాంపు డ్యూటీ 5 శాతాన్నీ ఎత్తేయాలి. స్థానిక సంస్థలకు వెళ్లే బదిలీ సుంకం ఒకటిన్నర శాతం అలాగే ఉంచవచ్చు, మున్సిపాలిటీకి నష్టం ఉండదు. ఖజానాకు తగ్గే మొత్తంలో కొంత ఖాళీ ప్లాట్ల నుంచి రాబట్టవచ్చు. జీడి పరిశ్రమలో పనిచేసే ఒక ఆడమనిషి 12 లక్షల ఇల్లు తన పేరిట రాయించుకుంటే ఈ ఒక్క నిర్ణయంతో ఆమెకు 60 వేలు మిగులుతాయి.