ఎండ ఉండగా పెట్టె ఎందుకు?

చీమకుర్తిలో ఎండకు కొదువ లేదు. అట్టి ఊరి బడిలో నీలి అచ్చుల కొరకు అతినీలలోహిత దీపములతో పెట్టె కట్టుట ఎందుకని అడుగువారుందురు. ప్రశ్న సబబే. 1842లో జాన్ హెర్షెల్ సయనోటైపును కనుగొన్నప్పుడును, మరుసటియేట ఆనా అట్కిన్స్ సముద్రపు నాచుల అచ్చులను వెలువరింప మొదలిడినప్పుడును పనిచేసినది సూర్యుడే.

అయినను ఎండ నిలకడ గలది కాదు. ఉదయపుటెండ వేరు, మధ్యాహ్నపుటెండ వేరు. నడుమ మబ్బు వచ్చినచో లెక్క తప్పును. వేపరెమ్మ అచ్చు వెలవెలబోయిన, లోపము కాగితముదో, పూసిన ఇనుప లవణములదో, కాలముదో విద్యార్థి తేల్చుకొనలేడు. పెట్టెలోని వెలుతురు ఇంచుమించు ఒక్కతీరుగా నుండును. ఒకే కాగితమును రెండేసి నిమిషములకొకసారి అట్టతో కొంత కొంత కప్పుచు పోయి, నీట కడిగినచో, నీలము మెట్లు మెట్లుగా తేలి జవాబు చెప్పును. ఇది ఎండ నేర్పలేని పాఠము.

లోపల తెల్లరంగు వేసిన చెక్కపెట్టె, 365 మొదలు 400 నానోమీటర్ల లోపు దీపములు, కాగితమును అదిమిపట్టు అద్దము చాలును. అడుగున చదునైన పలకకై దూరము పోనక్కరలేదు. మెరుగుపెట్టిన గెలాక్సీ గ్రానైటు ముక్క ఆ ఊరిలోనే దొరకును! క్రిములను చంపు దీపములను మాత్రము వాడనే రాదు. అవి కంటిని, చర్మమును గాయపరచును. మూత తెరవగనే దీపములు ఆరిపోవలెను. తీగెలపని తెలిసిన పెద్దలకే వదలవలెను.

తయారుపెట్టెను కొని తెచ్చుట సులభమే కాని, అందు సగము చదువు అంగడిలోనే మిగిలిపోవును. తొలి అచ్చును మాత్రము పిల్లలు ఎండలోనే తీయుట మేలు.