పనిముట్ల పెట్టె: గాడికి తగ్గ మొన

త్రీ నాట్ త్రీ తుపాకి మన పాఠకులకు కొత్తది కాదు. ఎన్.సి.సి.లో చేరినవారు మోసినదే, ఠాణా ముందు కాపలా కానిస్టేబులు భుజాన అందరమూ చూసినదే. 1907 నాటి ఈ లీ-ఎన్‌ఫీల్డ్ నమూనాను మన దేశంలో బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారం తయారుచేసింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020లో గానీ దీనికి వీడ్కోలు చెప్పలేదు.

బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాల్లో లైసెన్సుతో వీటిని భద్రపరిచేవారున్నారు. సైన్యంలో మరమ్మతుదారులు వాడిన ప్రత్యేక పనిముట్లు ఇప్పుడు సులువుగా దొరకవు. అందుకే వాళ్ళు ఇంట్లోనే చేసుకుంటారు.

మొదటిది అడుగు పొడవున్న స్క్రూడ్రైవరు. తుపాకి మడమ కర్రను బిగించే బోల్టు ఆ కర్ర లోపల లోతుగా ఉంటుంది. అంగడి స్క్రూడ్రైవరు మొన ఏటవాలుగా ఉండి, గాడిలోంచి జారి అంచులు చెరుపుతుంది. కనుక ఉక్కు కడ్డీ మొనను రెండువైపులా సమంగా ఆకురాయితో రాచి, గాడిలో కదలకుండా కూర్చునేటట్టు చేస్తారు. అయితే మొన కుదిరినంత మాత్రాన చాలదు. బోల్టు అవతలి కొన నలుచదరంగా ఉండి, ముందు కర్రలోని బిళ్ళలో ఇరుక్కుని ఉంటుంది. ముందు కర్ర ఊడదీయకుండా బోల్టు తిప్పారా, ఆ కర్ర చీలిందన్నమాటే! ఎంత అతికించినా మునుపటిది కాదు.

రెండోది గుండు పేల్చే సూదిని విప్పే గొట్టం. దాని మూతిని రెండు పళ్ళు మిగిలేలా రాస్తే, సూది మీది రెండు గాళ్ళలో అవి పట్టుకుంటాయి.

మూడోది వంపు తిరిగిన రేకు గరాటు. పాతకాలపు తూటాలు పేలాక తుపాకి గొట్టంలో ఒకరకం ఉప్పు మిగులుతుంది. అది చెమ్మను లాగి ఇనుమును తినేస్తుంది. నూనెకు ఉప్పు కరగదు. గరాటుతో మరిగే నీళ్ళు పోస్తే కరిగిపోతుంది, వేడెక్కిన గొట్టం తొందరగా ఆరుతుంది. ఆపైనే నూనె.

మన దేశంలో .303 నిషిద్ధ బోరు. ప్రత్యేక అనుమతి లేనిదే పౌరులు ఉంచుకోరాదు. కాబట్టి ఈ పనిముట్లతో మనకు పనిలేదు. కానీ అమ్మమ్మ కుట్టుమిషను, తాతగారి గోడగడియారం మన ఇళ్ళలో ఉన్నాయి కదా! వాటి స్క్రూలు చాలావరకు పాడయ్యేది వయసు వల్ల కాదు, గాడికి సరిపోని మొనతో తిప్పడం వల్ల. ఈసారి వాటిని విప్పేముందు మొనను గాడిలో పెట్టి చూడండి. కదిలితే ఆగండి. ఆకురాయి తీసుకుని మొననే రాయండి. పాతవస్తువు జోలికి మాత్రం పోవద్దు.