ఎమ్మెస్ అని ముద్ర వేసే ముందు



ఒక యువతికి హఠాత్తుగా చూపు మసకబారుతుంది. కొన్ని నెలలకు కాళ్ళు చచ్చుబడతాయి. ఎమ్మారైలో మచ్చలు కనబడగానే ‘మల్టిపుల్ స్క్లిరోసిస్’ అని రాసేస్తారు. ఆ తొందరపాటునే నేను తప్పుపడుతున్నాను.

ఎమ్మెస్ రోగుల వెన్ను ద్రవంలో గామా గ్లోబ్యులిన్ అధికంగా ఉంటుందని 1942లోనే ఎల్విన్ కాబాట్ బృందం చూపింది. కానీ ఆ యాంటీబాడీల గురి దేనిపైనో ఎనభై ఏళ్ళు గడిచినా పూర్తిగా తేలలేదు. మైలిన్ పొరలోని మోగ్ అనే ప్రోటీను అన్నారు. 2012లో కిర్ 4.1 అన్నారు. తరువాతి పరిశోధనల్లో అవి నిలబడలేదు. ఎప్‌స్టీన్-బార్ వైరస్‌పై తయారైన యాంటీబాడీ మన గ్లయల్‌క్యామ్ ప్రోటీనుకూ అంటుకోగలదని 2022లో వెల్లడైంది. అది విలువైన ఆధారమే గాని తుది తీర్పు కాదు. ఎమ్మెస్‌ను నిర్ధారించే యాంటీబాడీ రక్తపరీక్ష నేటికీ లేదు.

‘అలాంటప్పుడు యాంటీబాడీ పరీక్షలెందుకు?’ అంటారు కొందరు. ఎమ్మెస్‌ను నిరూపించడానికి కాదు, ఎమ్మెస్ కానిదాన్ని పట్టుకోవడానికి! న్యూరోమైలైటిస్ ఆప్టికా రోగుల రక్తంలో ప్రత్యేకమైన యాంటీబాడీని 2004లో వాండా లెనన్ బృందం కనుగొంది. దాని గురి ఆక్వాపోరిన్-4 అని మరుసటి ఏడే తేల్చింది. అది మైలిన్‌లోనిది కాదు. ఆస్ట్రోసైట్ కణాలపై ఉండే నీటి ద్వారం. ఎమ్మెస్‌కు మేలుచేసే ఇంటర్‌ఫెరాన్ బీటా, ఫింగోలిమాడ్ ఈ జబ్బును ముదిరేలా చేయగలవు. ఇక్కడ ఒక్క దాడి చాలు, చూపో నడకో శాశ్వతంగా పోవడానికి. ఇక మోగ్ కథ మరీ విచిత్రం: ఎమ్మెస్‌కు ఆనవాలనుకున్నది చివరకు మరొక జబ్బుకు ఆనవాలైంది.

పరీక్ష ఖరీదైనదన్న వాదన నేనూ విన్నాను. తప్పు మందుకు ఏళ్ళ తరబడి పెట్టే ఖర్చు మాటేమిటి? పోయిన కంటికి వెల కట్టేదెవరు?

అలాగని మచ్చ కనబడిన ప్రతివారికీ అన్ని పరీక్షలూ చేయించమనడం లేదు. మోగ్ యాంటీబాడీ స్వల్పంగా కనిపించినంత మాత్రాన జబ్బున్నట్లు కాదు. విచక్షణ లేని పరీక్ష మరో తప్పుకు దారితీస్తుంది. అయితే రెండు కళ్ళూ ఒకేసారి దెబ్బతిన్నా, వెన్నుపాములో మచ్చ మూడు వెన్నుపూసల పొడవు మించినా, కారణం తెలియని ఎక్కిళ్ళూ వాంతులూ రోజుల తరబడి వదలకపోయినా, ఆక్వాపోరిన్-4, మోగ్ పరీక్షలు తప్పనిసరి. అవి కణాధారిత పద్ధతిలో జరగడం మేలు.

మీ ఇంట్లో ఎవరికైనా ఎమ్మెస్ అని చెబితే, మందు మొదలుపెట్టే ముందు వైద్యుణ్ణి వినయంగా, కానీ విడవకుండా అడగండి: ‘ఇది మరొకటి కాదని ఎలా తేల్చారు?’ ఆ ప్రశ్నకు విసుక్కునే హక్కు ఏ వైద్యుడికీ లేదు.