హమార్ అనే ముందు ఒక్కసారి



కువైట్‌లో దిగినాక మనం మొదట నేర్చుకున్న అరబ్బీ మాటలు నాలుగే. తాల్, రూహ్, యల్లా, హమార్. రా, పో, కానీ, గాడిద. సైటులో ఇంగ్లీషు వచ్చినోళ్ళు డాంకీ అంటారు, అరబ్బీ వాళ్ళు హమార్ అంటారు, మన సూపర్‌వైజర్లం గాడిదా అంటాం. తిట్టు మాత్రం ఒకటే.

ఇంగ్లీషులో గాడిదకి పాత పేరు యాస్. డాంకీ అనేది 18వ శతాబ్దం చివర్లో వాడుకలోకి వచ్చిన మాట. డన్ అంటే బూడిద కలిసిన గోధుమ రంగు, దాన్నుంచే వచ్చిందని చాలామంది అంటారు. అరబ్బీలో కూడా ఎరుపు అహ్మర్, గాడిద హమార్, రెండిట్లో అవే అక్షరాలు. పేరులో తిట్టేమీ లేదు, దాన్ని తిట్టు చేసింది మనుషులే.

డాంకీ వర్క్ అంటే మన గాడిద చాకిరీనే. చాలా ఏళ్ళు అనడానికి డాంకీస్ ఇయర్స్ అంటారు. ఆ లెక్కన మనమంతా డాంకీస్ ఇయర్స్ నుంచి డాంకీ వర్క్ చేస్తున్నోళ్ళమే. ఇక ఎవరు ఎవర్ని తిట్టేది?

గాడిద మొండిది అంటారు. నిజానికి బెదిరితే గుర్రం పరిగెత్తుతుంది, గాడిద ఆగిపోతుంది. ముందర ఏముందో చూసుకునే దాకా కదలదు. అది తెలివితక్కువ కాదు, ప్రాణం మీద జాగ్రత్త.

మా సైటులో ఒకసారి ఒక పిల్లోడు స్కాఫోల్డింగ్ ఎక్కనని నిలబడిపోయినాడు. స్లాబు లేటవుతోందని మేము అందరి ముందర హమార్ అని అరిచినాం. వాడు మాట్లాడలేదు, పైకి చెయ్యి చూపించినాడు. పోయి చూస్తే రెండు క్లాంపులు వదులు, ఒక పలక కట్టనే లేదు. పొద్దున చూడాల్సింది మేమే. చూడకుండా సంతకం పెట్టిందీ మేమే.

అప్పుడైనా తప్పయిందని చెప్పినామా? లేదు. క్లాంపులు బిగించి, ఎక్కు అన్నాం. అదే వారం రాత్రిపూట కాంక్రీటు పడి మనుషులు చాలలేదు. వసుదేవుడు గాడిద కాళ్ళు పట్టుకున్నట్టు మళ్ళీ వాడి దగ్గరికే పోయినాం. తమ్ముడూ, ఇంకో రెండు గంటలు ఉండు అని బతిమాలినాం. వాడు ఉన్నాడు.

సూపర్‌వైజర్ అన్నలారా, తిట్టు పడినోడు రెండోసారి నోరు తెరవడు. క్లాంపు వదులుగా ఉందని చెప్పడు. ఆ మాట ఖరీదు అదే. ప్రతి మనిషికీ పేరు ఉంది, పేరుతో పిలుద్దాం.

తమ్ముళ్ళూ, భయం వేసిన చోట ఆగండి. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పొద్దున 11 నుంచి సాయంత్రం 4 వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ రూలే ఉంది. ఆగినందుకు ఎవరన్నా గాడిద అంటే అననీండి. గాడిద చూసుకునే అడుగు వేస్తుంది.