పానా పోయిందని చెప్పే హిమ్మత్

మన ఇళ్లలో ఇంటర్ ఎంపీసీ అయిన పిల్లలు కొందరు ఇప్పుడు విమానాల మరమ్మతు చదువు వైపు వెళ్తున్నారు. ఏఎంఈ అంటారు దాన్ని, ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజనీరింగ్. శంషాబాద్‌లో జీఎంఆర్ వాళ్ల హ్యాంగర్లు ఏళ్లుగా నడుస్తున్నాయి. ఫ్రాన్స్ కంపెనీ సఫ్రాన్ 2025లో అక్కడే లీప్ ఇంజన్ల మరమ్మతు కేంద్రం తెరిచింది. దుబాయ్, దోహాల సంగతి సరేసరి. కొలువు దొరికితే జీతం ఉంది, ఇజ్జత్ ఉంది. అందుకే అబ్బాలు కర్జా చేసి ఫీజు కడుతున్నారు, అమ్మీలు గాజులు తాకట్టు పెడుతున్నారు.

చదువు చివరికొచ్చేసరికి ఇంట్లో కొత్త ఫర్మాయిష్ మొదలవుతుంది. "అబ్బా, ఔజార్లు కొనాలి. పెద్ద టూల్‌బాక్స్ కావాలి." పిల్లాడు యూట్యూబ్‌లో అమెరికా మెకానిక్కుల పెట్టెలు చూసి ఉంటాడు. నడుమెత్తు ఎర్రటి ఇనుప బీరువా, కింద చక్రాలు, పది సొరుగులు, లోపల తళతళలాడే పానాలు. మనసు లాగదా మరి?

నా రాయ్ సాఫ్‌గా చెప్తాను. ఆ బీరువా ఇప్పుడు కొనకండి. ఆ పైసలతో చేయగల మంచి పని వేరే ఉంది. పైసా ఖర్చు లేకుండా ఇంట్లోనే నేర్పాల్సింది ఇంకొకటుంది. అది అన్నిటికన్నా ముఖ్యం.

ముందు పైసల హిసాబ్ చూద్దాం. అమెరికాలో విమాన మెకానిక్ చాలావరకు తన ఔజార్లు తనే కొనుక్కోవాలి. వ్యాన్లలో తిరిగి కిస్తుల మీద అమ్మే కంపెనీలు అక్కడున్నాయి. అందుకే వాళ్లకు ఆ బీరువాలు. మన దగ్గర చాలా కంపెనీల్లో ఔజార్లు టూల్ స్టోర్ నుంచే ఇస్తారు. పేరున్న టోకెనో చీటీయో అక్కడ పెట్టి తీసుకోవాలి, పనయ్యాక తిరిగిచ్చి టోకెన్ వాపస్ తీసుకోవాలి. సొంత ఔజార్లను రిజిస్టర్‌లో రాయించందే లోపలికి రానివ్వని చోట్లున్నాయి, అసలే రానివ్వని చోట్లూ ఉన్నాయి. కాబట్టి కొలువులో చేరాక అక్కడి కాయదా కనుక్కుని కొంటే నష్టం లేదు.

ప్రాక్టీసు కోసం ఏదైనా కొనివ్వాలనుకుంటే చిన్న పెట్టె చాలు. గ్యారేజీలో వాడే బరువైన అరంగుళం రాచెట్ కన్నా పావు అంగుళం, మూడు బై ఎనిమిది అంగుళాల రాచెట్లు విమానం దగ్గర ఎక్కువ పనికొస్తాయి. చేతులు పట్టని ఇరుకుల్లో పని కదా. పన్నెండు కోణాల సాకెట్లు ఉండాలి, ఆ రకం బోల్టులు విమానాల్లో చాలా ఉంటాయి. సేఫ్టీ వైరు మెలిపెట్టే ప్లాసు ఒకటి, పొడుగు కాడకు బిగించిన చిన్న అద్దం, మంచి టార్చి. టార్క్ రెంచ్ మాత్రం కొనొద్దు. దాన్ని కంపెనీ గడువు ప్రకారం పరీక్ష చేయించి, తేదీ ఉన్న స్టిక్కర్ అంటించి ఇస్తుంది. తేదీ దాటిన రెంచ్ ఎంత కొత్తగా కనపడినా ముట్టుకోకూడదు.

అంగుళాల సెట్టు, మిల్లీమీటర్ల సెట్టు వేర్వేరు సొరుగుల్లో ఉండాలి. అరంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 మిల్లీమీటర్ల పానా ఆ నట్టుకు "దాదాపు" పడుతుంది. ఆ దాదాపుతోనే నట్టు మూలలు అరిగిపోతాయి. మన గల్లీ గ్యారేజీల్లో అందాజా మీద బ్రహ్మాండంగా పని చేసే ఉస్తాద్‌లున్నారు. వాళ్ల హునర్‌కు నా సలాం. కానీ విమానం దగ్గర అందాజా నడవదు.

నడవదని 1990లోనే తేలింది. ఆ ఏడాది జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లోని మలాగాకు బయల్దేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానంలో పైలట్ ముందరి అద్దం ఊడిపోయింది. 17 వేల అడుగుల పైన. కెప్టెన్ టిమ్ లాంకాస్టర్ సగం బయటికి లాగేయబడ్డారు. సిబ్బంది ఆయన కాళ్లు పట్టుకుని ఉండగా కో-పైలట్ సౌతాంప్టన్‌లో దించాడు. కెప్టెన్‌తో సహా అందరూ బతికారు. దర్యాప్తులో ఏం తేలింది? ఆ అద్దం బిగించిన 90 బోల్టుల్లో 84 కావాల్సిన దానికన్నా సన్నవి, మిగతా ఆరు పొట్టివి. సన్నదనం ఎంత? ఒక మిల్లీమీటర్ కూడా లేదు. రాత్రి షిఫ్టులో పాత బోల్టును పక్కన పెట్టుకుని, కంటితో పోల్చి, కొత్తవి ఏరుకొచ్చి బిగించారు. ఆ పని చేసింది అనుభవం లేని కుర్రాడు కాదు, షిఫ్టు మేనేజరే.

ఇక పెట్టె సర్దడం. విమాన మెకానిక్ సొరుగు చూశారా ఎప్పుడైనా? రెండు రంగుల ఫోమ్ పరిచి ఉంటుంది, పైన నలుపు, కింద ఎరుపో పసుపో. పై పొరలో ప్రతి పానా ఆకారానికి సరిగ్గా గూడు కోసి ఉంటుంది. పానా తీస్తే కింది రంగు మెరుస్తుంది. రెండడుగుల దూరం నుంచి చూసినా ఏది లేదో తెలిసిపోతుంది. ఆ గూళ్లున్నది అందం కోసం కాదు. ఏముందో ఏ పెట్టె అయినా చూపిస్తుంది, ఏది లేదో చూపించేదే విమానాల దగ్గర పనికొచ్చే పెట్టె. ప్రతి ఔజార్ మీద నంబర్ చెక్కి ఉంటుంది. పని మొదలుపెట్టే ముందు లెక్క, షిఫ్టు మారేటప్పుడు లెక్క, మూత వేసే ముందు లెక్క. విరిగిన ఔజార్ అయితే ముక్కలన్నీ దొరకాలి. తుడిచే గుడ్డలను కూడా లెక్కపెట్టే హ్యాంగర్లున్నాయి. పనయ్యాక విమానంలో ఔజార్లేవీ మిగల్లేదని చూసుకోవాలని మన డీజీసీఏ కాయదాలూ చెప్తున్నాయి.

ఇంత బందోబస్తు ఉన్నా ఔజార్లు విమానంలో మిగిలిపోతూనే ఉన్నాయి. 2023 డిసెంబర్‌లో ఆస్ట్రేలియా కంపెనీ క్వాంటాస్‌కు చెందిన ఏ380 ఒకటి లాస్ ఏంజెలెస్‌లో తనిఖీకి ఆగింది. ఇంజన్ లోపల కెమెరా పెట్టి చూసేటప్పుడు దాన్ని మెల్లగా తిప్పడానికి ఒక ఔజార్ వాడారు. 1.25 మీటర్ల పొడవు, అంటే నాలుగడుగుల పైమాటే. పనయ్యాక అది ఇంజన్‌లోనే ఉండిపోయింది. 2024 జనవరి 1న దొరికేదాకా ఆ విమానం 34 సార్లు ఎగిరింది, దాదాపు 294 గంటలు గాల్లో ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ దర్యాప్తు సంస్థ ఏటీఎస్‌బీ చెప్పిన ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. ఔజార్ పోయినప్పుడు మొదలుపెట్టాల్సిన వెతుకులాట, విమానాన్ని తిరిగి సర్వీసుకు వదిలేముందు మొదలే కాలేదు.

టోకెన్ ఉంది, నంబర్ ఉంది, కాయదా ఉంది. అయినా "ఔజార్ దొరకలేదు, విమానం ఆపండి" అని మనిషి నోరు తెరిచి చెప్పనిదే అవేవీ పని చెయ్యవు. నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే.

మన పనివాళ్ల దునియాలో ఔజార్ పోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఉస్తాద్ నలుగురిలో తిడతాడు. కొన్నిచోట్ల జీతంలో కోత పెడతారు. అందుకని షాగిర్ద్ ఏం చేస్తాడు? చప్పుడు కాకుండా జుమ్మెరాత్ బజార్‌కు వెళ్లి అలాంటి పానాయే ఇంకొకటి కొనుక్కొచ్చి గూట్లో పెట్టేస్తాడు. గ్యారేజీలో అయితే కథ అక్కడితో ఖతం. హ్యాంగర్‌లో కథ అక్కడే మొదలవుతుంది. గూడు నిండుగా ఉంది, లెక్క సరిపోయింది, మొదటి పానా మాత్రం రెక్క మీది పలకలను కదిలించే తీగల పక్కన ఎక్కడో పడి ఉంది. పెట్టె ఇప్పుడు అబద్ధం చెప్తోంది. అందరూ దాన్ని నమ్ముతున్నారు. పారేసుకున్న వాడి కన్నా, డాంట్‌కు భయపడి గూడు నింపేసిన వాడు వంద రెట్లు ప్రమాదం. అతన్ని అలా భయపెట్టిన సూపర్‌వైజర్‌కు కూడా ఆ జిమ్మేదారీలో హిస్సా ఉంది.

"శిక్ష లేకపోతే రోజుకొకడు పారేస్తాడు కదా సాబ్" అని కొందరు అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. నెల నెలా పోగొట్టేవాడిని పిలిచి మళ్లీ నేర్పాలి, అవసరమైతే పని మార్చాలి. కానీ పోగొట్టడం వేరు, దాచడం వేరు. దాచినందుకు సజా ఉండాలి. పోయిందని వెంటనే చెప్పినవాడికి నలుగురి ముందు షాబాష్ దక్కాలి, విమానం రెండు గంటలు ఆలస్యమైనా సరే. అతని జీతం కోసి మిగిల్చుకునేది పానా ఖరీదు మాత్రమే. పోగొట్టుకునేది ఆ హ్యాంగర్‌లో ప్రతివాడి నిజాయితీ.

ఈ హిమ్మత్ కాలేజీలో చేరాక వచ్చేది కాదు. ఇంట్లో గాజు గ్లాసు పగిలినప్పుడు వస్తుంది. "అమ్మీ, నా చేతిలో పగిలింది" అని చెప్పిన పిల్లాడికి చెంపదెబ్బ పడితే, రెండోసారి ముక్కలు సోఫా కిందికి పోతాయి. ఎవరి కాలికి గుచ్చుకునేదాకానో ఎవరికీ తెలియదు. అదే పిల్లాడు ఇరవై ఏళ్లకు హ్యాంగర్‌లో నిలబడతాడు. అందుకని ముందు, "అచ్ఛా కియా బేటా, చెప్పావు. పద, ముక్కలన్నీ ఏరుదాం" అనండి. తర్వాత జాగ్రత్త చెప్పండి.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ఫీజు, ప్లేస్‌మెంట్లు అడుగుతారు కదా, ఇంకో సవాల్ కూడా అడగండి: "మీ వర్క్‌షాప్‌లో ఔజార్ పోతే పిల్లాణ్ని ఏం చేస్తారు?" వెతికే పద్ధతి వివరించే చోట చేర్చండి. జుర్మానా ఎంతో చెప్పే చోట మాత్రం కాస్త ఆలోచించండి. బీరువా సంగతి మొదటి జీతం వచ్చాక వాడే చూసుకుంటాడు.